ఆయా సోఫియాలో కత్తి: మొదటి దెబ్బ ఎవరిది?

(2020 జులై చివరి వారంలో జరిగిన స్టూడియో చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: మధ్యయుగ చరిత్ర అధ్యాపకురాలు, ఒక రాజకీయ వ్యాసకర్త, వేదాంత కళాశాల విశ్రాంత బోధకుడు, ఫోనులో ఒక అరబిక్ పరిశోధకుడు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంత మేరకే రాశాం. కొన్ని చోట్ల ఏమీ వినిపించలేదు.)

సంధానకర్త: నమస్కారం. ఈ నెల 24న, శుక్రవారం, ఒకప్పుడు చర్చిగా, 1453 తర్వాత మసీదుగా, 1934 నిర్ణయంతో మ్యూజియంగా ఉన్న ఇస్తాంబుల్‌లోని ఆయా సోఫియాలో 86 ఏళ్ల తర్వాత జుమా నమాజు జరిగింది. టర్కీ మత వ్యవహారాల అధిపతి అలీ ఎర్బాష్ చేతిలో కత్తితో మింబర్ (మసీదులో ప్రసంగ వేదిక) మెట్లెక్కారు. అదే రోజు గ్రీసులో చర్చి గంటలు సంతాపంగా మోగాయి. పోప్ ఫ్రాన్సిస్ అంతకుముందే, 12న, చాలా బాధగా ఉందన్నారు. రెండు మతాల మధ్య ఈ పోరు ఈనాటిది కాదు. అందుకే నాది ఒకే ఒక ప్రశ్న. మొదటి దెబ్బ ఎవరిది? మేడమ్, మీతో మొదలుపెడదాం.

అధ్యాపకురాలు: నమస్కారమండి. ముందు ఆ కత్తి సంగతి చెబుతాను. అది ఎవరి మీదికో దూసింది కాదు. యుద్ధంలో గెలుచుకున్న ఊళ్లలోని పెద్ద మసీదుల్లో ఖతీబు (శుక్రవార ప్రసంగం చేసేవారు) కత్తి పట్టుకుని ఖుత్బా (ఆ ప్రసంగం) చదివే ఆనవాయితీ ఒట్టోమన్ టర్కుల కాలంలో ఉండేది. అయితే ఆ ఆనవాయితీని ఇప్పుడు కెమెరాల ముందుకు తెచ్చారంటే, ఈ కట్టడాన్ని మేము గెలుచుకున్నాం అని గుర్తుచేయడమే దాని...

వ్యాసకర్త: మేడమ్, క్షమించాలి, ఒక్క నిమిషం. ఆ తేదీ చూశారా? జులై 24! 1923లో నేటి టర్కీని గుర్తించిన లొసాన్ ఒప్పందం మీద సంతకాలు పడిన రోజు. అంటే ఇది నమాజు కాదండీ, రాజకీయం. మతయుద్ధం అని మీరు పేరు పెట్టుకున్న ప్రతి యుద్ధంలోనూ దుప్పటి తీసి చూస్తే కనిపించేది భూమి, డబ్బు, అధికారం. ఈ ఒక్క మాట మీద చర్చ ముగించవచ్చు.

సంధానకర్త: ఇప్పుడే ముగిస్తే ఎలా సార్, గంట సమయం ఉంది. (నవ్వు)

వ్యాసకర్త: అయితే వినండి. 1204 తీసుకుందాం. ఆయా సోఫియాను మొదట దోచింది ఎవరు? ముస్లింలు కాదు. శిలువ కుట్టుకున్న అంగీలు తొడుక్కున్న క్రైస్తవులు! నాలుగో శిలువ యుద్ధం, అంటే జెరూసలేం కోసం పోప్ పిలుపుతో బయలుదేరిన క్రైస్తవ సైన్యం. 33,500 మందిని సముద్రం దాటించడానికి వెనిస్‌తో 85,000 వెండి మార్కులకు ఒప్పందం రాసుకున్నారు. రేవుకు వచ్చింది అందులో మూడో వంతు. కట్టాల్సిన సొమ్ములో 34,000 మార్కులు తక్కువ పడ్డాయి. అప్పు తీర్చడానికి ముందు జారా అనే క్యాథలిక్ పట్టణాన్నే కొల్లగొట్టారు. తర్వాత కాన్‌స్టాంటినోపుల్, అంటే నేటి ఇస్తాంబుల్. వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చి మీద ఉన్న కంచు గుర్రాలు ఎక్కడివి? ఇక్కడివే. సొమ్మొకరిది, సోకొకరిది!

బోధకుడు: ఒక చిన్న సవరణ. జారా మీద దాడి చేసినందుకు పోప్ ఇన్నోసెంట్ 3 వారిని మతం నుంచి వెలివేశాడు. ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

వ్యాసకర్త: వెలివేశాడు, మళ్లీ చేర్చుకున్నాడు. తర్వాత?

బోధకుడు: వెనిస్ వాళ్లను వెంటనే చేర్చుకోలేదు...

వ్యాసకర్త: అదే నేను చెప్పేది. వెనిస్! అంతా వెనిసే.

సంధానకర్త: ఆసక్తికరంగా ఉంది. అంటే సార్, మొదటి దెబ్బ వెనిస్‌ది అంటారా?

అధ్యాపకురాలు: వెనిస్ మాట వచ్చింది 1201లో. మొదటి శిలువ యుద్ధానికి పోప్ అర్బన్ 2 పిలుపు ఇచ్చింది 1095 నవంబరులో, క్లెర్మాంట్‌లో. మధ్యలో వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. అది చెప్పనివ్వండి.

సంధానకర్త: తప్పకుండా చెబుదురు గాని, ముందు ఫోనులో ఉన్న సార్‌ను పలకరిద్దాం. సార్, వినిపిస్తోందా? మొదటి దెబ్బ ఎవరిది?

పరిశోధకుడు: వినిపిస్తోందండి. ఆ ప్రశ్నకు జవాబు మనం ఏ సంవత్సరం నుంచి లెక్క మొదలుపెడతామన్న దాని మీద ఉంటుంది. 1099లో శిలువ యుద్ధం వాళ్లు జెరూసలేం పట్టుకున్న దగ్గర్నుంచి అంటే క్రైస్తవులు. అంతకు ముందు 1071లో మాంజికెర్ట్ దగ్గర సెల్జూకు టర్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను ఏలే క్రైస్తవ బైజాంటైన్ చక్రవర్తిని బందీగా పట్టుకున్నారు, అక్కడి నుంచి లెక్కిస్తే ముస్లింలు. 1009లో ఈజిప్టు ఫాతిమిద్ ఖలీఫా అల్ హాకిమ్ జెరూసలేంలో, యేసు సమాధి ఉందని నమ్మే పవిత్ర సమాధి చర్చిని పడగొట్టించాడు. ఇంకా వెనక్కి పోతే 636లో యర్ముక్ దగ్గర ముస్లిం సేనల చేతిలో బైజాంటైన్ల ఓటమి, ఆ తర్వాత జెరూసలేం ఖలీఫా ఉమర్‌కు లొంగిపోవడం. అంతకు ముందు 614లో అదే జెరూసలేంను పారసీకులు పట్టుకుని, యేసుదని నమ్మే శిలువను ఎత్తుకుపోయారు. వాళ్లు ముస్లింలు కాదు, అప్పటికి ఇస్లాం రాజ్యమే లేదు. బైజాంటైన్ చక్రవర్తి హెరాక్లియస్ ఆ శిలువను తిరిగి తెచ్చుకోవడానికి చేసిన యుద్ధం కూడా మతం పేరుతోనే...

సంధానకర్త: అంటే మొదటి దెబ్బ పారసీకులది!

పరిశోధకుడు: నేను అలా అనలేదండి. అలాగైతే 70లో యూదుల దేవాలయాన్ని కూల్చిన రోము సైన్యం దాకా పోవచ్చు, అప్పుడు...

(లైన్ కట్ అయింది.)

సంధానకర్త: లైన్ మళ్లీ కలుపుతాం. సార్ చెప్పిన దాన్ని బట్టి ఒక విషయం స్పష్టమైంది, ఎవరో ఒకరు మొదలుపెట్టారు.

(అది స్పష్టం కావడానికి అంతసేపు పట్టనక్కర్లేదు. ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

అధ్యాపకురాలు: డబ్బు కోసమే వెళ్లారన్న వాదనకు జవాబు చెబుతాను. నార్మండీ ప్రభువు రాబర్ట్ ఏం చేశాడు? 10,000 మార్కుల కోసం తన రాజ్యం మొత్తాన్ని తమ్ముడికి, ఇంగ్లండు రాజు విలియం రూఫస్‌కు, తాకట్టు పెట్టి బయలుదేరాడు. ఆ యుద్ధంలో మరో నాయకుడు గాడ్‌ఫ్రే తన బుయోన్ కోటను లీజ్ బిషప్పు దగ్గర కుదువ పెట్టాడు. లాభం కోసం పోయేవాడు ఉన్న ఆస్తిని తాకట్టు పెడతాడా? వేల మంది దారిలోనే ఆకలికి, జ్వరాలకు చచ్చిపోయారు. జెరూసలేం చిక్కాక బతికి ఉన్నవాళ్లలో ఎక్కువ మంది ఇళ్లకు తిరిగి వెళ్లిపోయారు. అక్కడ మిగిలింది కొన్ని వందల మంది నైట్లు. పాపాలు పోతాయని నమ్మారండీ. నిజంగా నమ్మారు. ఆ నమ్మకమే భయంకరమైన విషయం. అదే నమ్మకంతో 1096లో, ఇంకా రైన్ నది దాటకముందే, వర్మ్స్‌లో, మైంజ్‌లో యూదులను ఊచకోత కోశారు. అక్కడ ఏ...

వ్యాసకర్త: అక్కడ దోచుకోలేదా? యూదుల దగ్గర సొమ్ము లేదా? మీరే నా వాదనకు సాక్ష్యం ఇస్తున్నారు!

అధ్యాపకురాలు: దోచుకున్నారు. కాని బాప్తిస్మం తీసుకుంటే వదిలేస్తామన్నారు. దొంగ అలా అడగడు కదా. నగలు అడుగుతాడు, బాప్తిస్మం అడగడు.

(ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఈ చర్చలో ఇది ఒక్కసారే జరిగింది.)

వ్యాసకర్త: సరే మేడమ్, మీరు చదువుకున్నవారు. నేను సామాన్యుడి వైపు నుంచి అడుగుతున్నాను. 1453లో ఆ మహా ఫిరంగిని పోత పోసింది ఎవరు? ఓర్బాన్. హంగరీ క్రైస్తవుడు! ముందు బైజాంటైన్ చక్రవర్తి దగ్గరికే పోయాడు. అక్కడ జీతం ఇవ్వలేకపోయారు. సుల్తాన్ మెహ్మద్ అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చాడు. క్రైస్తవుడు పోసిన ఫిరంగితో క్రైస్తవుల గోడ కూలింది. మతం ఎక్కడండీ ఇందులో? డబ్బు! డబ్బు! 1543లో ఒట్టోమన్ నౌకాదళానికి చలికాలమంతా తూలోన్ రేవు ఇచ్చింది ఎవరు? క్యాథలిక్ ఫ్రాన్స్ రాజు! 1683లో వియన్నా ముట్టడిలో సుల్తాన్ పక్షాన ఉన్నది హంగరీ ప్రొటెస్టంట్ నాయకుడు తోకోలీ. వియన్నాను విడిపించిన పోలండు రాజు సోబియెస్కీ సేనలో ముస్లిం తాతార్లు! ఇవేవీ పాఠ్యపుస్తకాల్లో ఉండవు. నాకు చెప్పే అవకాశం ఇచ్చినందుకు...

సంధానకర్త: అద్భుతం సార్. ఇవి నాకే తెలియవు.

అధ్యాపకురాలు: అన్నీ నిజమే. కాని శత్రువుతో పొత్తు పెట్టుకున్నంత మాత్రాన మతం అబద్ధమైపోదు.

సంధానకర్త: మేడమ్, మీ దగ్గరికి వస్తాను. ముందు సార్ పూర్తి చేయనివ్వండి.

(సార్ అప్పటికే పూర్తి చేశారు. మళ్లీ మొదలుపెట్టారు. జారా, 85,000 మార్కులు, కంచు గుర్రాల ప్రస్తావన రెండోసారి వచ్చింది కాబట్టి ఇక్కడ వదిలేశాం.)

సంధానకర్త: ఫోను లైన్ మళ్లీ కలిసింది. సార్, ముస్లింల వైపు నుంచి చెప్పండి, జిహాద్ అన్నది మొదటి నుంచీ ఉంది కదా. అంటే మొదటి దెబ్బ...

పరిశోధకుడు: ఆలోచన మొదటి నుంచీ ఉంది. కాని 1099లో జెరూసలేం పోయినప్పుడు జరిగింది వినండి. డమాస్కస్ ఖాజీ అల్ హరవీ బాగ్దాద్ వెళ్లి ఖలీఫా కొలువులో మొరపెట్టుకున్నాడు. సానుభూతి దొరికింది, సైన్యం దొరకలేదు. సెల్జూకు యువరాజులు తమలో తాము కొట్టుకుంటున్నారు. 1105లో డమాస్కస్‌లో అల్ సులమీ అనే పండితుడు మసీదులో కూర్చుని, ముస్లింలు జిహాద్‌ను గాలికి వదిలేశారని పాఠాలు చెబితే విన్నవాళ్లు కొద్దిమంది. 1140లో డమాస్కస్ పాలకుడు ఉనుర్ క్రైస్తవ జెరూసలేంతోనే చేతులు కలిపాడు, ఎవరికి వ్యతిరేకంగా? మోసుల్, అలెప్పోలను ఏలే ముస్లిం పాలకుడు జంగీకి వ్యతిరేకంగా. ఎనిమిదేళ్ల తర్వాత రెండో శిలువ యుద్ధం వాళ్లు వచ్చి, ఉన్న ఆ ఒక్క మిత్రుడి డమాస్కస్‌నే ముట్టడించారు. సుల్తాన్ సలాహుద్దీన్ కూడా, 1187లో జెరూసలేం గెలవడానికి ముందు, అలెప్పో, మోసుల్ ముస్లింలతో తలపడ్డ ఏళ్లు తక్కువేమీ కాదు.

వ్యాసకర్త: అదే! అదే! అధికారం!

పరిశోధకుడు: ఒక్క మాట, పూర్తి చేస్తాను. మరోవైపు జంగీ కొడుకు నూరుద్దీన్ ఏం చేశాడంటే, జెరూసలేం తన చేతిలో లేకముందే, అల్ అక్సా మసీదు కోసం అలెప్పోలో ఒక కొయ్య మింబర్ చేయించాడు. చిన్న చిన్న చెక్క ముక్కలు ఒకదానిలో ఒకటి గుచ్చి కూర్చిన పని. ఏళ్ల తరబడి అది అలెప్పోలోనే ఉంది. నూరుద్దీన్ చనిపోయాడు. 1187 అక్టోబరులో ఊరు గెలిచాక సలాహుద్దీన్ దాన్ని తెప్పించి అక్కడ పెట్టించాడు. 1969లో ఒక ఆస్ట్రేలియా క్రైస్తవుడు మసీదుకు నిప్పు పెట్టినప్పుడు అది కాలిపోయింది. మనిషి తాను చూడని రోజు కోసం వేదిక చేయించి పెట్టుకోవడాన్ని డబ్బు ఆశ అందామా?

సంధానకర్త: 1969 అన్నారు, చాలా ముఖ్యం. అంటే దెబ్బలు ఇంకా కొనసాగుతూనే ఉన్నాయి. అసలు ఖలీఫా అన్న మాట వచ్చింది కాబట్టి, మన హైదరాబాద్‌కు ఆ ఖలీఫాలతో సంబంధం ఉందంటారు, నిజమేనా సార్?

పరిశోధకుడు: ఉంది. 1924 మార్చిలో ఖిలాఫత్‌ను రద్దు చేసి చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ 2ను దేశం దాటించారు. ఆయన కూతురు దుర్రె షెహవార్‌ను 1931లో నీస్ నగరంలో నిజాం పెద్ద కుమారుడు ఆజం జా పెళ్లి చేసుకున్నారు. ఒట్టోమన్ వంశానికే చెందిన నీలోఫర్‌ను మొజ్జం జా చేసుకున్నారు.

సంధానకర్త: నీలోఫర్ ఆసుపత్రి! పిల్లల ఆసుపత్రి!

పరిశోధకుడు: ఆమె పేరే.

వ్యాసకర్త: ఖలీఫాకు పింఛను ఇచ్చింది ఎవరు? నిజాం! ప్రపంచంలోనే ధనవంతుడు. చూశారా, తిరిగి తిరిగి డబ్బు దగ్గరికే వచ్చాం.

(దాదాపు ఐదు నిమిషాలు నిజాం నగలు, భవనాల మీద నడిచింది. చర్చాంశంతో సంబంధం లేదు గాని సంధానకర్త ముఖం వెలిగిపోయింది ఇక్కడే.)

బోధకుడు: నేను ఇంతవరకు పెద్దగా మాట్లాడలేదు. మా వైపు తప్పులు ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. 1204 గురించి పోప్ జాన్ పాల్ 2 స్వయంగా 2001లో ఏథెన్స్ వెళ్లి దేవుడి క్షమాపణ వేడుకున్నారు. అయితే అదే మత చరిత్రలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సాధువు ఉన్నాడు. 1219లో ఈజిప్టులో దమియెట్టా దగ్గర యుద్ధం నడుస్తుండగా ఆయుధం లేకుండా సుల్తాన్ అల్ కామిల్ గుడారానికి వెళ్లి మాట్లాడి ప్రాణాలతో తిరిగి వచ్చాడు. ఈనాటికీ జెరూసలేంలో పవిత్ర సమాధి చర్చి తాళం రెండు ముస్లిం కుటుంబాల చేతిలో ఉంది. ఎందుకంటే మాలో మాకు, క్రైస్తవ శాఖలకే, పడదు.

అధ్యాపకురాలు: ఆ అల్ కామిల్ గురించే నేను ఇందాకటి నుంచి చెప్పాలనుకుంటున్నాను. 1229. చక్రవర్తి ఫ్రెడరిక్ 2, పోప్ వెలివేసిన మనిషి, శిలువ యుద్ధానికి వెళ్లి యుద్ధం చేయకుండా అల్ కామిల్‌తో ఒప్పందం చేసుకున్నాడు. జెరూసలేం క్రైస్తవులకు, అల్ అక్సా, గుమ్మటం ఉన్న ఆవరణ ముస్లింలకు. జెరూసలేం ఇలా రక్తం లేకుండా చేతులు మారితే రెండు వైపులా సంతోషించారా? లేదు. క్రైస్తవుల పేట్రియార్కు (అక్కడి చర్చి అధిపతి) ఆ ఊళ్లో పూజలే నిషేధించాడు. డమాస్కస్ మసీదులో సిబ్త్ ఇబ్న్ అల్ జౌజీ అనే పండితుడు జనం ఏడ్చేలా శోక ప్రసంగం చేశాడు. ఇద్దరికీ ఊరు ఒక్కటే దక్కితే చాలలేదు. నెత్తురు చిందించి గెలవలేదన్న కోపం. భూమే కావాలనుకుంటే, భూమి దక్కిందిగా? ఈ ఒక్క ఉదాహరణ...

వ్యాసకర్త: ఫ్రెడరిక్ ఎందుకు ఒప్పందం చేసుకున్నాడు? ఇటలీలో అతని భూముల మీదికి పోప్ సైన్యం వస్తోంది కాబట్టి! అల్ కామిల్ ఎందుకు ఇచ్చాడు? డమాస్కస్ బంధువులతో కొట్లాట కాబట్టి! మళ్లీ రాజకీయం.

అధ్యాపకురాలు: రాజుల సంగతి అది. నేను చెబుతున్నది జనం ఎందుకు ఏడ్చారన్నది.

వ్యాసకర్త: జనాన్ని ఏడిపించారండీ! ఏడిపించేవాడు ఎప్పుడూ ఉంటాడు. 1209లో ఫ్రాన్స్‌లోని బెజియేలో పోప్ ప్రతినిధి ఏమన్నాడు? "అందరినీ చంపండి, తనవాళ్లెవరో దేవుడే గుర్తుపడతాడు" అన్నాడు. చంపింది ఎవరిని? తోటి క్రైస్తవులను!

అధ్యాపకురాలు: ఆ మాట ఇరవై ఏళ్ల తర్వాత ఒక జర్మన్ సన్యాసి విన్నానని రాసింది. అతను నిజంగా అన్నాడని చెప్పలేం. ఊచకోత మాత్రం నిజం.

వ్యాసకర్త: ఊచకోత నిజమైతే మాట ఎవరిదైతే ఏమిటి?

సంధానకర్త: బలమైన మాట సార్. మేడమ్, దీనికి జవాబు ఉందా?

అధ్యాపకురాలు: ఉంది. నిజమా కాదా అన్నది పట్టించుకోకపోతే మీరు అడుగుతున్న "మొదటి దెబ్బ" లెక్క కూడా తేలదు.

సంధానకర్త: మొదటి దెబ్బ గురించి మీరే అన్నారు కాబట్టి...

అధ్యాపకురాలు: నేను అన్నది అది కాదు!

(ఇక్కడ కొద్దిసేపు అస్పష్టం.)

సంధానకర్త: మళ్లీ ఆయా సోఫియాకు వద్దాం. 1453 గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

వ్యాసకర్త: నేను ఫిరంగి గురించి చెప్పాను.

అధ్యాపకురాలు: ఆ నేల గురించి చెబుతాను. 1204లో నికెటాస్ ఖోనియాటెస్ అనే అధికారి ఊళ్లో ఉండి కళ్లారా చూసి రాశాడు. దోచిన వెండి, బంగారం మోయడానికి కంచర గాడిదలను చర్చిలోకే తోలుకొచ్చారట. నున్నటి పాలరాతి మీద కాళ్లు నిలవక జారి పడిపోతే వాటిని పొడిచారు. పేడ, నెత్తురు ఆ నేల మీదే. పేట్రియార్కు ఆసనం మీద ఒక వేశ్యను కూర్చోబెట్టి పాడించారు. 1453 మే 29న అదే నేల మీద మరో కథ. డూకస్ అనే చరిత్రకారుడు రాసింది, సుల్తాన్ మెహ్మద్ లోపలికి వచ్చేసరికి ఒక సైనికుడు పాలరాతి పలకలు పగలగొడుతున్నాడు. మెహ్మద్ అతన్ని కొట్టి, మనుషులు, సొమ్ము మీవి, కట్టడాలు నావి అన్నాడట. ఈ మాటలో రెండూ ఉన్నాయి, గమనించండి. కట్టడానికి రక్ష దొరికింది. లోపల దాక్కున్న మనుషులు బానిసలుగా పోయారు. కాబట్టి ఆ రోజును పూర్తిగా విజయోత్సవం అన్నా, పూర్తిగా...

వ్యాసకర్త: చూశారా, "సొమ్ము మీది"! సుల్తాన్ నోటి నుంచే వచ్చింది! నేను గంట నుంచి మొత్తుకుంటున్నది ఇదే. చూసేవాళ్లు ఈ ఒక్క మాట రాసుకోండి.

సంధానకర్త: అయిపోయింది మేడమ్, మీ సాక్షే సార్ వైపు వచ్చేశాడు. (నవ్వు)

బోధకుడు: ఆమె వాక్యం పూర్తి కాలేదు.

సంధానకర్త: సమయం లేదు సార్. చివరిగా తలా అర నిమిషం. సమతూకంగా అందరికీ అవకాశం ఇస్తున్నాం. ఫోనులో ఉన్న సార్?

పరిశోధకుడు: ఆయా సోఫియాను మ్యూజియం చేసిన 1934 నిర్ణయాన్ని రద్దు చేసింది టర్కీ అత్యున్నత పాలనా న్యాయస్థానం. ఆ తీర్పులో మాటలు మతయుద్ధం గురించి కావు, మెహ్మద్ స్థాపించిన వక్ఫ్ (మతకార్యాలకు అంకితం చేసిన ఆస్తి) హక్కు గురించి. 1236లో క్రైస్తవ రాజు ఫెర్డినాండ్ 3 గెలిచిన, స్పెయిన్‌లోని కార్డోబా మసీదు ఇప్పటికీ క్యాథలిక్ చర్చిగానే ఉంది, అక్కడ కూడా వివాదం ఆస్తి పత్రాల దగ్గరే...

(లైన్ కట్.)

వ్యాసకర్త: ఆస్తి! ఆయన కూడా ఒప్పుకున్నారు. ఇక నేను చెప్పడానికి ఏమీ లేదు. అయినా ఒక మాట చెబుతాను.

(ఆ ఒక మాట రెండున్నర నిమిషాలు సాగింది. వెనిస్, ఓర్బాన్, తూలోన్, మళ్లీ వెనిస్.)

సంధానకర్త: చాలా విలువైన మాటలు. మేడమ్, పది సెకన్లు.

అధ్యాపకురాలు: పది సెకన్లలో 1096 నుంచి...

సంధానకర్త: అంటే మీ లెక్కలో మొదటి దెబ్బ 1096. సార్ లెక్కలో వెనిస్. ఫోనులో ఉన్న సార్ లెక్కలో పారసీకులు.

అధ్యాపకురాలు: ఆయన అలా అనలేదు, నేనూ అనలేదు.

వ్యాసకర్త: నేను మాత్రం అన్నాను.

సంధానకర్త: అంతిమంగా మతం కాదు, డబ్బే అన్న దిశగా ఈ చర్చ సాగినట్టుంది. బోధకుడు గారూ, మీరు తల ఊపుతున్నారు, అంగీకరిస్తున్నారా?

బోధకుడు: లేదండి. అడ్డంగా ఊపాను.

సంధానకర్త: ధన్యవాదాలు. ఒక చిన్న విరామం తర్వాత వాతావరణ విశేషాలు.